సగం గడ్డం మనిషి

ఆ రోజు మా నాన్న ముందుకు పరుగెత్తాడా, వెనక్కి పరుగెత్తాడా అన్న అనుమానం నలభై ఒక్క ఏళ్ళు నా మనసులో ఉండిపోయింది. రోజూ దీపం పెట్టేటప్పుడు, నా నోట అబద్ధం రానివ్వకు తండ్రీ అని దేవుణ్ణి అడుగుతాను. కన్నతండ్రి మాట నిజమని నమ్మలేని కూతురు అలా అడగడం ఏం సబబో నాకే తెలిసేది కాదు.

నాన్న తాళాలు బాగుచేసేవాడు. ఆయన దుకాణానికి ఎదురుగా సెలూన్. నాకు ఏడేళ్ళున్నప్పుడు ఒక ఉదయం ఆ వీధి చివర కూడలిలో పెద్ద నాయకుణ్ణి కాల్చి చంపారు. ఆ సమయానికి నాన్న సెలూన్ కుర్చీలో భుజాన తువ్వాలు వేయించుకుని, మెడకు తెల్లగుడ్డ కట్టించుకుని గడ్డం గీయించుకుంటున్నాడు. ఒక చెంప అయిపోయింది, రెండోది ఇంకా నురగలో ఉంది. ఇంతవరకు అందరూ ఒప్పుకునేదే. అక్కణ్ణుంచి కథ రెండు దారులు పట్టింది.

నాన్న చెప్పేది ఇది. కాల్పులు వినగానే ఉన్నపళంగా బయటికి పరుగెత్తాడు. కింద పడి ఉన్న నాయకుడి మీద మెడలో గుడ్డ తీసి కప్పాడు. ఆయన నాన్న ముఖం చూసి నవ్వాడు. తర్వాత టీవీ వాళ్ళు వచ్చి నాన్నను కెమెరా ముందు నిలబెట్టి మాట్లాడించారు.

సెలూన్ బాబాయి మాత్రం, "మీ నాన్న నా గుడ్డతో సహా ఉడాయించాడు. సగం గడ్డంతో ఏ సందులో దూరాడో ఏమో," అనేవాడు.

నాన్న మాట్లాడింది టీవీలో రానే లేదు. చావబోయే మనిషిని నవ్వించాడు కదా అని వీధిలో ఆయనకు జోకుల మేస్త్రి అని పేరు పెట్టారు. నాన్న కొత్త గుడ్డ ఒకటి కొని సెలూన్‌కి పట్టుకెళ్ళాడు. బాబాయి ముట్టుకోలేదు.

"భయపడి పారిపోయానని ఒక్క మాట ఒప్పుకో. అప్పుడు తీసుకుంటా."

"జరగనిది ఎలా ఒప్పుకోనయ్యా?"

గుడ్డ ఇంటికి తిరిగొచ్చి ఇనప్పెట్టె అడుగున చేరింది. ఆ తర్వాత నాన్న గడ్డం ఇంట్లోనే గీసుకున్నాడు, పెరటి గోడకు వేలాడదీసిన చేతి అద్దంలో చూసుకుంటూ.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు చుట్టాల ముందు ఆయన మళ్ళీ ఆ సంగతి ఎత్తితే, "చాల్లే నాన్నా, అందరూ నవ్వుతున్నారు," అన్నాను. ఆయన నీళ్ళ గ్లాసు అందుకుని తాగాడు. పోయేదాకా ఇక ఆ ఊసెత్తలేదు.

రెండేళ్ళ కిందట, టీవీ కేంద్రంలో పాత ఫిల్ములన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారని తెలిసి వెళ్ళాను. ఆ కూడలి సాక్షుల్లో తాళాల మేస్త్రి ఉన్నాడా అని అడిగాను. రిజిస్టరంతా చూసి, లేడమ్మా అన్నారు. ఏం చేస్తాను, ఇంటికొచ్చి దీపం పెట్టుకున్నాను. పోయిన నెల వాళ్ళే పేపర్లో ప్రకటన వేశారు, పేర్లు తెలియని సాక్షులను గుర్తుపట్టగలిగే వాళ్ళుంటే రమ్మని.

"వెళ్ళిరా," అన్నారు మావారు. "మామగారు కనిపిస్తే సరే సరి. లేకపోతే ఏసీలో కాసేపు కూర్చుని వద్దువుగాని."

ఫిల్ములు దాచే గది నిజంగానే చల్లగా ఉంది. బయట ఎండ మండిపోతుంటే అక్కడ పనిచేసే ఆవిడ స్వెట్టర్ వేసుకుని, చేతులకు తెల్లటి తొడుగులు తొడుక్కుని ఉంది. గుండ్రటి రేకు డబ్బాలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. గదంతా ఏదో పులిసినట్టు వాసన.

"పాత ఫిల్ము పాడైతే ఇలాగే వాసనేస్తుందండీ. నాకు అలవాటైపోయింది. మా ఆయనకే ఇంకా కాలేదు," అంటూ తెర ముందు కుర్చీ వేసింది.

మొదట పూలమ్మే ఆవిడ మాట్లాడింది. మూడుసార్లు పేలిందంది. బస్సు కండక్టరు ఐదుసార్లన్నాడు. బడిపంతులు రెండేనన్నాడు, కాల్చినవాళ్ళు కూడా ఇద్దరన్నాడు. కారు ఒకరికి నల్లది, ఒకరికి నీలం.

"అదే కూడలి, అదే క్షణం. మరీ ఇంత తేడానా అమ్మా?"

"ఎవరూ అబద్ధం చెప్పట్లేదండీ. ఎవరికి కనబడింది వాళ్ళు చెప్తున్నారు. ఒక్క దగ్గర మాత్రం ముగ్గురూ కలుస్తారు, వినండి."

వెనక్కి తిప్పింది.

"మేమందరం ఇటు పారిపోతుంటే, సగం గడ్డం గీసిన మనిషొకడు అటు పరుగెత్తాడు," అంది పూలమ్మే ఆవిడ.

"మొహం మీద సబ్బు కూడా తుడుచుకోలేదు. తెల్లగుడ్డ తీసి కప్పాడు," అన్నాడు కండక్టరు.

"తల కింద చెయ్యి పెట్టి ఎత్తాడు. ఎవరో ఏమో," అన్నాడు పంతులు.

మేమెవరమో వీళ్ళకు తెలియదు. ఇంట్లో నేను నోరు మూయించిన మాటను ఈ ముగ్గురూ రేకు డబ్బాల్లో ఇన్నేళ్ళూ భద్రంగా దాచి ఉంచారు. ఎవరూ అడక్కుండానే దాచి ఉంచారు. అంతా చూసేవాడు ఒక్కడే అనుకుంటాం కదా, ఆయన తన చూపును ఇలా తలా కాస్త పంచిపెడతాడా అనిపించింది.

"ఆ మనిషి మాట్లాడింది ఏమైనా ఉందా?" అడిగాను.

"ఉంది. క్షురకుడు అని రాసిన డబ్బాలో. అప్పట్లో పేర్లు అడిగేవాళ్ళు కాదు, చూడగానే తోచిన పని రాసేసేవాళ్ళు. ఈయన భుజం మీద సెలూన్ తువ్వాలు ఉంది మరి."

తెర మీదికి నాన్న వచ్చాడు. ముప్ఫై రెండేళ్ళ నాన్న. ఇప్పుడు నాకంటే పదహారేళ్ళు చిన్న. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప మీద నురగ ఎండి చారలు కట్టింది. చొక్కా చేతులకు రక్తం. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను.

"మీకు భయం వేయలేదా?" అన్నాడు మైకు పట్టుకున్నతను.

"వేసిందండీ. ఇంకా కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి."

"ఆయన ఏమైనా అన్నారా?"

నాన్న తన చొక్కా చేతుల వైపు చూసుకున్నాడు. "ఏమీ అన్లేదు. నా మొహం చూసి నవ్వినట్టే ఉంది. నవ్వో, నొప్పో. తెలీనిది చెప్పకూడదు కదండీ." వెళ్ళబోయి మళ్ళీ వెనక్కి తిరిగాడు. "ఒక్క మాట. ఆ గుడ్డ సెలూన్ ఆయనది. నాయకుడుగారితో పాటే బండిలో వెళ్ళిపోయింది. కొత్తది కొనిస్తానని సెలూన్ ఆయనకు చెప్పండి."

అంతే, అయిపోయింది. ఆవిడ నన్ను మూడుసార్లు చూడనిచ్చింది. నాన్న పేరు, పని అడిగి, డబ్బా మీద పాత మాట కొట్టేసి రాసుకుంది. నా ఫోన్లోకి ఎక్కించి ఇచ్చింది.

ఇంటికెళ్ళి ఇనప్పెట్టె తీశాను. మర్నాడు పొద్దున సెలూన్‌కి వెళ్ళాను. ఇప్పుడు కొడుకు నడుపుతున్నాడు. బాబాయి గుమ్మం పక్క స్టూలు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళను చూస్తుంటాడు.

"ఏం అమ్మాయ్, నీకూ గడ్డం గీయాలా?"

"ముందు ఇది చూడు బాబాయ్," అని ఫోన్ చేతికిచ్చాను.

చూశాడు. సౌండ్ పెంచమని మళ్ళీ చూశాడు. గుడ్డ మాట దగ్గర ఆయన బొటనవేలు తెర మీద ఆగిపోయింది.

"నేను షట్టర్ లాగేసి కుర్చీ వెనక నక్కాను అమ్మాయ్," అన్నాడు. "ఎవడైనా అదే చేస్తాడనుకున్నా. మీ నాన్న పారిపోయాడని చెప్పుకోకపోతే నాకు అన్నం సహించేది కాదు."

"నేనూ నమ్మలేదు బాబాయ్."

సంచిలోంచి గుడ్డ తీసి రెండు చేతులతో అందించాను. మడతల దగ్గర పసుపెక్కింది. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని అరచేత్తో సాపుచేశాడు. కొడుకు చెయ్యి పట్టుకుని లేచి, లోపలి కుర్చీలో కూర్చున్నాడు.

"ఒరేయ్, ఇది నా మెడకు కట్టి గడ్డం గియ్యి," అన్నాడు.