నెంబరొచ్చిందా, చెప్పు

"లూదియా, నీ ఫోనుకు నెంబరొస్తాది, చెప్పు."

వసారాలో కుర్చీలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని యేసుబాబు ఈ మాట ఎన్నిసార్లు అన్నాడో లెక్క లేదు. ఆ వేళకు లూదియా పెనం మీద దోసె వేసి ఉంటుంది, లేదంటే అత్తగారికి బీపీ మాత్ర తీసిస్తూ ఉంటుంది, అదీ కాదంటే కూతురికి జడ వేస్తూ ఉంటుంది. తడిచెయ్యి నైటీకి తుడుచుకుని, ఫోను తీసి, వచ్చిన అంకెలను వంటింట్లోంచే కేకేసి చెప్పేది. అంకెల కింద ఇంగ్లీషులో ఇంకేదో కూడా రాసి ఉండేది. అది చదువుతూ నిలబడితే దోసె మాడుతుంది.

దేనికని అడగకపోలేదు. "ఎవరి పేరైతే ఏందిలే, అంతా మనదే గదా" అనేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు. తాగడు, చెయ్యెత్తడు, ఆదివారం ఆమెకంటే ముందే తయారై గుడికి బయల్దేరతాడు. అంతకంటే ఏం కావాలని ఉదయగిరి సంఘంలో ఆడవాళ్ళంతా అనేవాళ్ళు. లూదియా కూడా చాలా ఏళ్ళు అదే అనుకుంది. అనుకోవడానికైనా తీరిక ఉండాలి కదా. ఆత్మకూరు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం, రోజూ ఉదయగిరి నుంచి బస్సులో పోయి రావడం. తెల్లవారకముందే లేచి ఇంటెడు మందికి వండి, బస్సులో కూర్చున్నాక తల దువ్వుకునేది. ఇంట్లో ఎవరైనా "నీకేమమ్మా, హాయిగా బస్సెక్కి కూర్చుంటావు" అంటే నవ్వి ఊరుకునేది.

అలాంటి లూదియాకు ఈ సంక్రాంతి దాటాక పిచ్చి పట్టింది. ఇల్లు పిచ్చి. ఆసుపత్రి వెనక వీధిలో నారాయణయ్య మాస్టారు తన ఇల్లు అమ్మి నెల్లూరులో కూతురి దగ్గరికి పోతున్నాడని తెలిసి, డ్యూటీ దిగి చూడ్డానికి పోయింది. రెండు గదులు, మేడ మీదికి మెట్లు, పెరట్లో మునగచెట్టు. అవన్నీ సరే, వంటింటి కిటికీ తెరిస్తే ఆసుపత్రి గేటు కనిపించింది. అంటే డ్యూటీకి నడిచి రావచ్చు. అంటే బస్సు లేదు. అంటే పొద్దున పూట ఒక కప్పు కాఫీ కూర్చుని తాగొచ్చు. ఇన్నేళ్ళలో తను కూర్చుని కాఫీ తాగింది పురిటి మంచం మీద మాత్రమేనని ఆ కిటికీ దగ్గర నిలబడి గుర్తు చేసుకుంది. నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది. మాస్టారు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చిచ్చి, "ఉగాది దాకా ఎవరికీ మాటివ్వను లేమ్మా" అన్నాడు.

మర్నాడే బ్యాంకుకు పోయింది. లోన్లు చూసే దివ్యశ్రీ అనే అమ్మాయి జీతం కాగితాలు తిప్పి, "మీ ఒక్కరి జీతం మీదే వచ్చేస్తుంది మేడం, ఇంకెవరి సంతకమూ అవసరం లేదు" అంది. లూదియాకు ఇక కుర్చీలో కుదురు లేదు. కిటికీకి ఏ రంగు పరదా వెయ్యాలో కూడా అక్కడే నిర్ణయించేసుకుంది. ఇంతలో దివ్యశ్రీ కంప్యూటర్లో ఏదో చూసి ఆగింది.

"మేడం, మీ పేరు మీద పాత బాకీలు రెండున్నాయి. షాపుల్లో వాయిదాల మీద వస్తువులు కొన్నారు. కొన్ని నెలలు కట్టి వదిలేశారు."

"నేనేం కొనలేదే."

"మీ ఆధారే మేడం. మీ ఫోన్ నెంబరే. ఇవి తేలకుండా ఇంటి లోను పైకి పంపినా తిరిగొచ్చేస్తుంది."

ఉదయగిరి బస్సులో లూదియాకు ఒళ్ళు మండిపోయింది. జ్వరం వచ్చిన పిల్లలకు అర్ధరాత్రి సూది వేసిన చెయ్యి, ఒక్కరి దగ్గర రూపాయి ముట్టని చెయ్యి. ఆ చేతిని పట్టుకుని ఎగ్గొట్టిన మనిషివని కంప్యూటరు అంటోంది.

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చున్న యేసుబాబు, "ఓ, అవా?" అన్నాడు, ఊరగాయ నంజుకుంటూ. "ఒకటి నా పాత ఫోను. ఇంకోటి జెస్సికాకు ఇచ్చినామే, వాషింగ్ మెషీను. నీది గవర్నమెంటు ఉద్యోగం, నీ పేరైతే చప్పున ఇస్తారని పెట్టినాను. కొన్నాళ్ళు కట్టినా. మళ్ళ షోరూములో నా పని పోయింది గదా."

"మరి నాకు ఫోన్లొస్తా ఉంటే ఫ్రాడ్ నెంబర్లు, ఎత్తొద్దంటివే."

"ఎత్తుంటే నీకే గదా టెన్షను."

జెస్సికా అతని చెల్లెలు. కాన్పుకొచ్చి చంటిపిల్లతో మూణ్ణెల్లు వాళ్ళింట్లోనే ఉంది. ఆ చంటిపిల్ల గుడ్డలన్నీ పెరట్లో బండ మీద ఉతికింది లూదియానే, డ్యూటీ నుంచి వచ్చి, చీకటి పడేలోపల. పిల్లను తీసుకుని జెస్సికా వింజమూరు పోతుంటే వెనకాలే ట్రాలీలో వాషింగ్ మెషీను పోయింది. ఆ ఆదివారం అత్తగారు ఎస్తేరమ్మ గుడిలో లేచి నిలబడి, "మా యేసు చెల్లెలికి మెషీన్ కొనిచ్చినాడు, దేవునికే మహిమ" అని సాక్ష్యం చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. లూదియా కూడా అంది. సబ్బునీళ్ళకు వేళ్ళు పగిలి ఉన్నాయి, చేతులు జోడిస్తే మండింది, అయినా గట్టిగానే అంది. ఇప్పుడు తలుచుకుంటే ఆ స్తోత్రం వెనక్కి తీసుకోవాలనిపించింది.

కానీ ఏడుస్తూ కూర్చుంటే ఉగాది ఆగదు. మర్నాడు డ్యూటీ మధ్యలో ఆ అప్పులిచ్చిన కంపెనీలకు తనే ఫోన్ చేసింది. అవతలివాళ్ళు సగం కడితే చాలు, సెటిల్ చేసేస్తాం అన్నారు. యేసుబాబు ఎగిరి గంతేశాడు. "చూసినావా, కట్టకపోబట్టి సగమే అయింది" అని తన తెలివికి తనే మురిసిపోయాడు. లూదియా మాత్రం దివ్యశ్రీని అడిగింది. "సగం కడితే సగం కట్టి తప్పించుకున్నారనే రికార్డులో పడుతుంది మేడం. మొత్తం కట్టండి. బాకీ లేదని కాగితం తీసుకోండి. రికార్డు మారడానికి కొన్ని వారాలు పడుతుంది, ఇప్పుడు కడితే ఉగాదికి అందుతుంది" అంది ఆ అమ్మాయి.

ఆసుపత్రి ఆడవాళ్ళు వేసుకునే చీటీని లూదియా ఆ నెల పాడేసుకుంది. రెండు బాకీలూ వడ్డీతో సహా కట్టింది. తను కొనని ఫోనుకు, తను వాడని మెషీనుకు అంత డబ్బు కట్టాక బాధపడాలి నిజానికి. ఎక్కడ? కాగితాలు రాగానే నర్సుల గదిలో అందరికీ చూపించింది, సమోసాలు తెప్పించింది. "ఏందమ్మే, ప్రమోషనా?" అని ఆయమ్మ అడిగితే, "అంతకంటే పెద్దదే" అంది.

ఆ శనివారం ఇంటికి పోకుండా వింజమూరులో దిగింది. డబ్బు కట్టింది కదా, తన వస్తువు ఎలా ఉంటుందో చూడొద్దా?

మెషీను ముందుగదిలో ఉంది. మీద లేసు గుడ్డ, ఆ గుడ్డ మీద ప్లాస్టిక్ పూలు. లూదియా పూలు పక్కన పెట్టి మూత ఎత్తింది. లోపల అంచుల దాకా వేరుశనక్కాయలు.

"నీళ్ళు యాడుండాయి వదినా" అంది జెస్సికా కాస్త సిగ్గుపడుతూ. "పంపు రోజు మార్చి రోజు వస్తాది. ఊరికే ఉండాది గదా అని మా అత్త కాయలు పోసింది. ఎలకలు రావంట."

"మరి గుడ్డలు?"

జెస్సికా చేతులు చూపించింది. అరచేతులు అచ్చం లూదియా చేతుల్లాగే ఉన్నాయి. లూదియా మెషీను మూత దించేసింది. కోపం పోలేదు, పోవాల్సిన చోటు మాత్రం ఇది కాదని తెలిసింది. ఉన్న సంగతంతా మెల్లగా చెప్పింది.

"నాకు తెలీదు వదినా. అన్న కొన్నాడనే చెప్పినారు. తీసకపో."

"ఆత్మకూరులో మోటారు ఉండే ఇల్లు చూసినా. చేతికొచ్చినాక వస్తా. నువ్వు కాయలు తీసి పెట్టు. నీ గుడ్డలు కూడా మూటగట్టుకుని వచ్చెయ్, ఇద్దరం కూర్చుని కాఫీ తాగుదాం, అది ఉతుకుతాది."

జెస్సికా ముందు నవ్వింది, తర్వాత నిజంగానే చెబుతోందా అని ఆమె మొహంలోకి చూసింది.

ఉగాదికి వారం ముందు దివ్యశ్రీ ఫోన్ చేసింది. "మీ రికార్డు శుభ్రంగా ఉంది మేడం. రేపు వచ్చి అప్లికేషన్ పెట్టేయండి." ఆ సంగతి లూదియా ఇంట్లో చెప్పింది, సంతోషం పట్టలేక చెప్పింది. అదే ఆమె చేసిన పొరపాటు.

మర్నాడు పొద్దున దోసెలు పోస్తుండగా వసారాలోంచి యేసుబాబు గొంతు. "లూదియా, నువ్వు బ్యాంకు దాకా పోబల్లేదు. మన నెట్ సెంటరు సైమన్ ఫోన్లోనే అప్లికేషన్ నింపి పంపినాడు. ఇల్లు నా పేర, లోను ఇద్దరి పేర. ఒక్క నెంబరు చెప్తే అయిపాయె."

"ఇల్లు నీ పేర ఎందుకు?"

"ఇంటి పెద్ద పేరుంటే బాగుంటాదని అమ్మ అంటా ఉండాది. ఎవరి పేరైతే ఏందమ్మే, అంతా మనదే గదా."

"అవును లేమ్మా, మొగోడి పేరుంటేనే ఇంటికి విలువ" అని మంచం మీంచి ఎస్తేరమ్మ అందుకుంది.

గట్టు మీద ఫోను మోగింది. లూదియా చెయ్యి తుడుచుకుని తీసింది. అలవాటు కొద్దీ నోరు తెరిచింది కూడా. పెనం మీద దోసె అంచులు ఎర్రబడుతున్నాయి. పొయ్యి కట్టేసింది. ఆ ఇంట్లో కాపురానికొచ్చాక మొదటిసారి, మెసేజీ మొత్తం చదివింది, అంకెలూ, అంకెల కింద ఉన్నదీ. గుండె దడదడలాడుతోంది. భయమేమో అనుకుంది, కాదు. ఆ కిటికీ ముందు నిలబడినప్పుడు కూడా ఇలాగే కొట్టుకుంది.

"నెంబరొచ్చిందా?"

"వచ్చింది."

"చెప్పు మరి."

లూదియా ఫోను హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. ఇంటి కాగితాల కవరు చంకలో పెట్టుకుని వసారాలోకి వచ్చి చెప్పులేసుకుంది. ఆత్మకూరు బస్సుకు ఇంకా టైముంది, నిదానంగానే వేసుకుంది.

"ఎవరికీ చెప్పొద్దని దాంట్లోనే రాసుండాది" అంది.