సరిపోయిన స్థానాలన్నీ

వసుమతి పనిచేసే ఆఫీసులో చావు గురించి ఎవరూ పైకి మాట్లాడరు. కిడ్నీ మార్పిడి కోసం ఎదురుచూసే రోగుల వివరాలు అక్కడ ఉంటాయి. చుట్టుపక్కల ఆసుపత్రుల్లో ఎవరైనా పోయి, వాళ్ల మనుషులు కిడ్నీలు ఇవ్వడానికి ఒప్పుకుంటే, ఒకదాన్ని ఆ ఆసుపత్రే ఉంచుకుంటుంది. రెండోది ఎవరికి సరిపడుతుందో ఈ ఆఫీసు చెప్పాలి. రక్తం గ్రూపు, టిష్యూ టైపు కలిపి ఒక్కో రోగికీ ఒక అంకె వేసేవారు. ఆ అంకెలన్నీ కంప్యూటర్‌లో ఒక వరుసగా, ఒక అర్రేగా ఉండేవి. దాత అంకె ఇస్తే చాలు, అది వరుసలో ఎన్నో స్థానంలో ఉన్న అంకెతో కలిసిందో ఫోర్ట్రాన్ అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రామ్ వెతికి చెప్పేది. స్థానం తెలిస్తే మనిషి తెలిసినట్టే.

ఆ ప్రోగ్రామ్ వసుమతి రాసింది కాదు. అంతకుముందున్న అతనెవరో రాసిపెట్టి, వేరే ఉద్యోగం చూసుకుని కాలిఫోర్నియా వెళ్లిపోయాడు. 1979 వేసవిలో ఆమె చేరేనాటికి అది నిక్షేపంలా నడుస్తోంది. నడుస్తున్నదాన్ని కదపడమెందుకని ఆమె దాని జోలికి పోలేదు.

ఆమెకు ఫోర్ట్రాన్ నేర్పింది అడుసుమిల్లి సూర్యప్రకాశ్. వంతెనలు డిజైన్ చేసే ఇంజనీరు. పిస్కాటవే ఊళ్లో వసుమతి వాళ్లకు రెండు వీధుల అవతల, భార్య కామేశ్వరితో ఉండేవాడు. వసుమతి, ఆమె భర్త శ్యామ్‌సుందర్ ఈ దేశంలో దిగిన మొదటి చలికాలమంతా వాళ్లింట్లోనే గడిచింది. అప్పటినుంచీ ఆయన అన్నయ్యగారు, ఆవిడ వదిన. వసుమతి ఆఫీసులో చేరిన నెలలోనే సూర్యప్రకాశ్‌కి రెండు కిడ్నీలూ పాడయ్యాయని తేలింది. వారానికి మూడుసార్లు డయాలిసిస్. ఆయన వివరాల కార్డును, కంప్యూటర్ చదివేలా చిల్లులు కొట్టి, పంచ్ చేసిన చేతులు వసుమతివే.

అక్టోబరులో ఒక శుక్రవారం ఆఫీసు నర్సు వచ్చి అడిగింది.

"ఈ జెలిన్‌స్కీ అనే ఆవిడ నాలుగేళ్లుగా ఎదురుచూస్తోంది. ఒక్కసారి కూడా పేరు రాలేదు. ఆవిడ టైపు అంత అరుదైనదా?"

వసుమతి కార్డు తీసి చూసింది. అరుదైనదేమీ కాదు. సూర్యప్రకాశ్ కార్డు మీద ఉన్న అంకే అది.

అప్పుడు మొదటిసారి ఆ ప్రోగ్రామ్‌ని ఒక్కో లైనూ చదివింది. చేసిన పనే మళ్లీ మళ్లీ చేసే లూప్ మొదటి స్థానం నుంచి మొదలై, ఒక్కో అంకెనూ దాత అంకెతో పోలుస్తుంది. సమానమైతే గో టూ, అంటే అక్కడినుంచి దూకెయ్యమని ఆజ్ఞ. లూప్‌లోంచి బయటికొచ్చి, ఆ స్థానాన్ని అచ్చేసి ఆగిపోతుంది. ఆ తర్వాత ఇంకెవరైనా సరిపోతారా అన్నది చూడనే చూడదు. రోగులు పాతిక, ముప్పై మంది ఉన్న రోజుల్లో ఇద్దరికి ఒకే అంకె పడటం తక్కువ కనుక ఎవరికీ అనుమానం రాలేదు. ఇప్పుడు మూడు వందలు దాటారు. పైగా కార్డులన్నీ ఇంటిపేర్ల అక్షర క్రమంలో ఉన్నాయి. జెడ్‌తో మొదలయ్యే జెలిన్‌స్కీ మూడు వందల పద్దెనిమిదో స్థానం. ఎ తో మొదలయ్యే అడుసుమిల్లి రెండో స్థానం.

ఆమెకు విషయం పూర్తిగా బోధపడింది. ఇన్నాళ్లూ అదే అంకెతో వరుసలో ముందున్నవాళ్లెవరో కిడ్నీలు అందుకుని వెళ్లిపోయి ఉంటారు. ఆ అంకె ఉన్న దాత దొరికితే, ప్రోగ్రామ్ రెండో స్థానం దగ్గరే ఆగుతుంది. నిన్న మొన్న చేరిన సూర్యప్రకాశ్‌కి కిడ్నీ వస్తుంది. జెలిన్‌స్కీ ఉన్నట్టు కూడా ఎవరికీ తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనం కామేశ్వరి ఇంట్లో. పప్పు లేదు, టమాటా లేదు, ఉప్పు పేరుకే. ఆయన తినకూడనిది ఇంట్లో వండనని కామేశ్వరి ఒట్టు పెట్టుకుంది. వచ్చినవాళ్లకూ అదే భోజనం. సూర్యప్రకాశ్ రోజుకి ఇన్నే అని కొలిచిపెట్టిన నీళ్లు, చిన్న గ్లాసులో, గుక్కగా కాకుండా చుక్క చుక్కగా తాగుతూ, "ఆఫీసు ఎలా ఉందమ్మా?" అన్నాడు.

"బాగుందండీ," అంది వసుమతి.

తను నోరు మెదపకపోతే చాలు. తప్పు చేయనక్కర్లేదు, అబద్ధమాడనక్కర్లేదు. చూడనట్టు ఊరుకుంటే చాలు. ముఖం కూడా తెలియని ఆవిడెక్కడ, కళ్లెదుట నీటిచుక్క కోసం తపించే ఈ మనిషెక్కడ? రాత్రంతా ఆమె మనసు అటూ ఇటూ కొట్టుకుంది. శ్యామ్‌సుందర్‌కి కూడా చెప్పలేదు.

సోమవారం పొద్దున్నే ఆఫీసు పెద్ద డాక్టర్ గదిలోకి వెళ్లి అంతా చెప్పింది. ఒకే టైపున్న ఆ ఇద్దరిలో ఒకరు తనకు కావలసినవాళ్లనీ దాచకుండా చెప్పింది. ముసలి డాక్టర్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఇన్నేళ్లలో ఎంతమందికి ఇలా జరిగిందో అని ఆయన లోలోపల లెక్క వేస్తున్నాడని ఆమెకు అర్థమైంది.

"సరిచెయ్యి. సరిపోయినవాళ్లంతా నాకు కనిపించాలి. ఎక్కువకాలంగా ఎదురుచూస్తున్నవాళ్లకే ముందు," అన్నాడు.

పని పెద్దదేం కాదు. అంకె కలిసినప్పుడు బయటికి రాకుండా, ఆ స్థానాన్ని ఇంకో అర్రేలో దాచుకుంటూ వరుస చివరిదాకా వెళ్లాలి. చివర్లో దాచినవన్నీ అచ్చెయ్యాలి. మధ్యాహ్నానికల్లా అయిపోయింది. మార్చిన లైన్ల కార్డులను ఆమె పాతవాటి స్థానంలో పెట్టింది.

నవంబరులో, థ్యాంక్స్‌గివింగ్ పండగకి ముందు వారం ఒక మధ్యాహ్నం దాత వివరాలు వచ్చాయి. కారు ప్రమాదంలో పోయిన పంతొమ్మిదేళ్ల కుర్రాడు. వసుమతి అంకె చూసింది. అదే అంకె. ప్రింటర్ గరగరలాడి రెండు స్థానాలు అచ్చేసింది. రెండు, మూడు వందల పద్దెనిమిది. ఆమె ఆ కాగితాన్ని చింపి నర్సు చేతికిచ్చింది. నర్సు తేదీలు సరిచూసి జెలిన్‌స్కీ డాక్టర్‌కి ఫోన్ చేసింది. అవతలి గొంతు సంతోషంతో పెద్దదవడం వసుమతికి అక్కడిదాకా వినపడింది.

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లింది. ఇంకొకరి నోట వినేకంటే తన నోట వినడం మేలనుకుంది.

ఆమె చెప్పింది సూర్యప్రకాశ్ ఇంజనీరు లాగే విన్నాడు. "అయితే మొదటిది దొరకగానే లూప్ ఆగిపోయేదా?"

"ఆగిపోయేదండీ. పోయిన నెల నేనే మార్చాను. ఇవాళ ఒక కిడ్నీ వచ్చింది. ఇద్దరికి సరిపోయింది. అందులో ఒకరు మీరు."

ఆయన చొక్కా చేతి కింద, డయాలిసిస్ సూదులు దిగే చోటును నిమురుకున్నాడు. "ఆ రెండో మనిషి ఎన్నాళ్లనుంచి ఉన్నారు?"

"నాలుగేళ్లు."

"నాలుగేళ్లా! నాకీ నాలుగు నెలలకే ప్రాణం విసిగిపోయింది." ఆమె వైపు తిరిగి, "ఇందులో నువ్వు చేసిన తప్పేం లేదమ్మా," అన్నాడు.

వంటింటి గుమ్మంలో కామేశ్వరి నిలబడి ఉంది.

"ఒక్క నెల ఆగలేకపోయావా, వసూ? మారుస్తానంటే ఎవరొద్దన్నారు? ఒక్క నెల. మేం నీకు పరాయివాళ్లమా?"

"ఊరుకో కామేశ్వరీ."

"ఎందుకూరుకోవాలి? మీ ప్రాణం మీకు లెక్కలేకపోతే నాకుంది!"

వసుమతి తల వంచుకుని కూర్చుంది. కామేశ్వరి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

ఆ తర్వాత ఫోన్ చేస్తే కామేశ్వరి ఎత్తి, గొంతు విని పెట్టేసేది. సూర్యప్రకాశ్ మాత్రం అప్పుడప్పుడు డయాలిసిస్ నుంచే ఫోన్ చేసి, మంచీ చెడ్డా అడిగేవాడు. ఆ అంకెతో ఇంకో దాత రాలేదు. జనవరిలో ఆయన చేతికి చీము పట్టింది. అది రక్తంలోకి పాకింది. ఫిబ్రవరిలో, మంచు పడుతున్న ఒక మధ్యాహ్నం, ఆసుపత్రిలో కన్నుమూశాడు. అంత్యక్రియలప్పుడు వసుమతి అందరికంటే వెనక నిలబడింది.

మార్చి చివర్లో కామేశ్వరి నడుచుకుంటూ వసుమతి ఇంటికి వచ్చింది. చిక్కి సగమైంది. కోటు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుంది.

"ఒకటడుగుతాను. నువ్వు మార్చకపోతే అది ఆయనకే వచ్చేదా?"

"వచ్చేది వదినా."

"బతికేవారా?"

"అది నాకు తెలీదు. బతికి ఉండేవారేమో."

కామేశ్వరి ఆమె ముఖంలోకి చూసింది. "నన్ను ఓదార్చడానికి, వచ్చేది కాదంటావేమోనని భయపడుతూ వచ్చాను. అలా అంటే మళ్లీ ఈ గుమ్మం ఎక్కేదాన్ని కాదు."

వసుమతి కాఫీ తెచ్చి ఆమె చేతికిచ్చింది. చేతుల మధ్య కప్పు పట్టుకుని కామేశ్వరి అడిగింది, "ఆ కిడ్నీ అందుకున్న మనిషి ఎలా ఉన్నారు?"

"బాగుందట. మళ్లీ పనిలోకి వెళ్తోందని నర్సు చెప్పింది."

"చల్లగా ఉండాలి అనాలనుంది. నోరు రావడం లేదు, వసూ."

"అనక్కర్లేదు, వదినా."

అప్పుడు కామేశ్వరి ఏడ్చింది. పోయిన రోజున కూడా అంత ఏడవలేదు. వసుమతి పక్కన కూర్చుంది, ఊరుకోమని అనలేదు. చాలాసేపటికి కామేశ్వరి కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది.

"లైబ్రరీలో చిన్న ఉద్యోగం ఇస్తామన్నారు. బస్సు లేదు. నాకు కారు నేర్పుతావా?"

ఆదివారాలు పొద్దున పూట, మూసి ఉన్న షాపింగ్ సెంటర్ ముందు ఖాళీ పార్కింగ్ లాట్‌లో వాళ్లిద్దరూ కనిపించేవారు. కారు కుదుపులతో కదిలేది, ఆగేది, మళ్లీ కదిలేది. "బ్రేక్ మెల్లగా, వదినా," అనేది వసుమతి. కామేశ్వరి స్టీరింగ్‌ని రెండు చేతులా గట్టిగా పట్టుకుని, ముందుకే చూస్తూ నడిపేది.