జేబా ఉన్న చోటు

ఎర్రగుడ్డ కట్టిన కర్ర భుజాన వేసుకుని చాంద్ పాషా కట్ట దిగి ఒడ్డు బాట పట్టేసరికి ఎండ చురుక్కుమంటోంది. మానేరు మీద కట్టిన రిజర్వాయరుకు ఆయన కాపలాదారు. రోజూ తొమ్మిది కిలోమీటర్లు ఒడ్డు వెంట నడవాలి, లోతుకు దిగేవాళ్లను వారించాలి. వానాకాలం నీళ్లు నిండితే వేములవాడ గుడికి వచ్చిన జనం ఫొటోల కోసం ఇటు మళ్లుతారు. మే నెలలో ఎవరూ రారు. నీరు వెనక్కి పోయి, పగుళ్లు వారిన ఒండ్రు మాత్రం మిగులుతుంది.

ఆయనకు అరవై రెండేళ్లు. సిరిసిల్ల మరమగ్గాల మోతకు ఎడమ చెవి ఎప్పుడో పోయింది. ఫోన్ మోగితే కుడి చెవికి గట్టిగా అదుముకుంటాడు. ఇప్పుడూ అలాగే అదుముకున్నాడు. సూపర్‌వైజరు తిరుమల.

"కాకా, రేపు పొద్దుగాల పైనుంచి నీళ్లు ఇడుస్తున్నరు. ఇయ్యాల పొద్దూకినంక ఒడ్డు మీద ఎవ్వలు ఉండొద్దు. అందరికి చెప్పు."

"రేపేనా సార్? గీ నెలంత ఇడువరంటిరి గద."

"మన చేతుల ఏమున్నది కాకా?"

చాంద్ పాషా పాత ఊరున్న దిక్కు చూశాడు. నీళ్లు ఆ ఊరిని ముంచి ఎనిమిదేళ్లయింది. అందులోనే ఆయన ఇల్లు, మసీదు, సమాధులున్న ఖబరస్తాన్ మునిగాయి. ఖబరస్తాన్‌లో కూతురు జేబా ఉంది. జ్వరంతో పోయిన మూడేళ్ల పిల్ల. ఆ తర్వాత వాళ్లకు పిల్లలు పుట్టలేదు. ప్రతి ఎండాకాలం భార్య తాహెరాబీ ఒకటే అడిగేది, నీళ్లు అంతదూరం పోయాయా అని. ఆయన తల అడ్డంగా ఊపేవాడు. నిన్న మొదటిసారి మసీదు మెట్లు బయటపడ్డాయి. రేపు మళ్లీ మునుగుతాయి. పొద్దున ఆ మాట చెబితే ఆమె మంచం మీద లేచి కూర్చుంది. కిడ్నీలు పాడై రెండేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు పోయి వస్తున్న మనిషి, ఎవరూ పట్టుకోకుండానే లేచింది.

చేపలవాళ్లకు, గొర్రెలవాళ్లకు కబురు చెప్పుకుంటూ ఆయన పాత ఊరికి చేరేసరికి పదిన్నర. ఆ ఊరిదే అయిన నర్సవ్వ అక్కడ మేకలు కాస్తోంది. జేబా సమాధి వెతకాలని విని ఆమె మేకలను వదిలేసి వచ్చింది.

"యాపచెట్టుకు తూరుపు దిక్కు గద అన్నా, కబరస్తాను?"

చెట్లన్నీ మునగకముందే కొట్టేశారు. మొద్దులు మూడు కనిపించాయి. ఏది వేపదో తెలియలేదు. పెద్దవాళ్ల సమాధులకు కట్టిన గోడలు కూలి ఒండ్రులో కలిసిపోయాయి. జేబాకు తల దగ్గర ఒక రాయి, కాళ్ల దగ్గర ఒక రాయి పెట్టారు, అంతే. ఒండ్రు నిండా అలాంటి రాళ్లే. ఆయన కర్రతో పొడిచాడు. తర్వాత చేతులతో తవ్వాడు. పైన పెళుసు, లోపల జిగట. గోళ్ల కింద రక్తం కారింది. ఒక మొద్దు దగ్గర వదిలి ఇంకో మొద్దు దగ్గర మొదలుపెట్టాడు, మళ్లీ మొదటిదాని దగ్గరికే వచ్చాడు.

"గిదే అనుకో అన్నా. యాడున్నా గీ మట్టిలనే ఉన్నది గద బిడ్డ."

"అనుకుంటెట్ల నర్సవ్వా? ఇంటికి పోతె ఆమె అడుగుతది. ఏం చెప్పాలె?"

అప్పుడే తాహెరాబీ ఫోన్ చేసింది. వాళ్లు ఇంట్లో మాట్లాడుకునే ఉర్దూలో, "మిలీ క్యా?" అంది. దొరికిందా అని.

బురద చేతిని చూసుకుంటూ ఆయన అన్నాడు, "మిలీ."

"రాళ్లున్నాయా?"

"రెండూ ఉన్నాయి."

"అయితే నేను వస్తున్నా," అని ఆమె ఫోన్ పెట్టేసింది. తిరిగి చేస్తే ఎత్తలేదు.

ఆయన వెర్రివాడిలా అటూ ఇటూ పరుగెత్తాడు. ఆఖరికి రెండు రాళ్లు ఎత్తుకొచ్చి, మధ్య మూడడుగులు వదిలి పాతాడు. తలపాగా విప్పి దాంతో చుట్టూ నేల చదును చేశాడు. నర్సవ్వ వంగి, తల దగ్గరి రాయిని ఇంకొంచెం నిటారుగా సర్దింది.

ఇద్దరూ కట్టవైపు చూస్తూ కూర్చున్నారు. పన్నెండయింది, రెండయింది. ఆటో ఏదీ రాలేదు. ఆమె వచ్చి ఆ రాళ్లను గుర్తుపట్టకపోతే ఎలాగన్న భయం పోయి, ఆమె రాలేదేమన్న భయం పట్టుకుంది. మూడింటికి పక్కింటి రాణి ఫోన్ చేసింది.

"కాకా, జల్ది ఇంటికి రా," అని ఏడ్చింది.

పునరావాస కాలనీలో ఆయన ఇంటి ముందు జనం చేరారు. లోపల తాహెరాబీని మంచం మీద పడుకోబెట్టి ఉన్నారు. ఆసుపత్రికి తప్ప ఎక్కడికీ పోని మనిషి పండక్కి కట్టే ఆకుపచ్చ చీర కట్టుకుని ఉంది. ఆయన పక్కన కూలబడ్డాడు.

"నువ్వు ఫోన్ల చెప్పినంక ఒక్కతే తానం జేసింది కాకా," అంది రాణి. "ఆటో పిలువుమన్నది. ఎండకు ఒక్క ఆటో దొరుకలె, రెండున్నర దాటినంక దొరికింది. పిలుసుకొచ్చేవరకు గడప మీద గోడకు ఒరిగి కూసున్నది. పలుకరిస్తె పలుకలేదు, అప్పటికే పానం పోయింది."

"ఏమన్న అన్నదా?"

"ఏమనలె. నవ్వింది. రెండేండ్ల సంది ఆమె నవ్వంగ నేను సూడలె."

ఆయన గడపవైపు చూశాడు. తలుపు గొళ్లేనికి ఒక కవరు వేలాడుతోంది. అందులో అగరుబత్తీల పొట్లం, అగ్గిపెట్టె, తడి రుమాలులో చుట్టిన గులాబీ రేకులు ఉన్నాయి. కవరు అడుగున నీరు ఊరి, ఒక్కో చుక్కే గడప మీద పడుతోంది.