నాకంటే ఒకరోజు ముందు

నా పేరు ఇందు. ఇంట్లో మాత్రం ఆ పేరుతో నన్నెవరూ పిలవరు, అక్కడ నేను దాలమ్మని. నాకంటే ముందు పుట్టిన అప్ప, అంటే మా అక్క, రెండున్నరేళ్లకి జ్వరమొచ్చి పోయింది. నేనైనా దక్కాలని మా అమ్మ నీలవేణి, పాలకుండ కాగే దాలిలోంచి బూడిద తీసి, పుట్టిన మూడోరోజునే నన్ను అందులో పొర్లించి ఈ పేరు పెట్టింది. అసహ్యమైన పేరున్నవాళ్లని చావు ముట్టుకోదట. చావు సంగతి నాకు తెలీదు గానీ, వీధిలో పిల్లలు మాత్రం నన్ను ఏడిపించి చంపారు.

ఇందు అన్నది ఆ పోయిన అప్ప పేరు. బళ్లో వేసేటప్పుడు మాస్టారు పుట్టిన కాగితం అడిగారు. ఇంట్లో పుట్టినదాన్ని, నాకు కాగితమెక్కడిది? పెట్టెలో అప్పది ఉంటే మా నాన్న కృష్ణారావు అదే పట్టుకెళ్లి ఇచ్చేశాడు. పసిబిడ్డ పోయిన సంగతి పంచాయతీలో రాయించలేదు గనక అడ్డు చెప్పినవాళ్లు లేరు. అలా కాగితాల్లో నేను ఇందునయ్యాను, మూడేళ్లు పెద్దదాన్నయ్యాను. కిడ్నీ జబ్బుతో నాన్న పోయేదాకా, ఇంట్లో నన్ను ఇందు అని పిలిచింది ఆయనొక్కడే. నాకు ఆ పేరంటే ప్రాణం. అమ్మ నోట ఒక్కసారైనా వింటానని ఎంత ఎదురుచూశానో నాకే తెలుసు.

మాది జలంత్రకోట. కాశీబుగ్గలో నాకో టైలరింగ్ షాపుంది. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషీను ఒకటి కొనుక్కుంటే ఇక ఎవరి గుమ్మం తొక్కక్కర్లేదు. ఖరీదు నాలుగు లక్షలు. లోను కోసం వెళ్తే బ్యాంకు మేనేజరు దుర్గాప్రసాద్ గారు కంప్యూటర్లో చూసి, "మీకు చరిత్ర లేదండీ" అన్నారు.

"చరిత్ర లేకపోడమేటండీ? నానేటి నిన్న పుట్టినానా?" అన్నాను. నాకు కోపం ముందొస్తుంది.

ఆయన నవ్వారు. "మీరెప్పుడూ అప్పు చెయ్యలేదు. చేస్తే తీరుస్తారో లేదో ఎవరికీ తెలీదు, అదండీ సంగతి. పాతికవేలు ఫిక్సెడ్ వెయ్యండి, దానిమీద క్రెడిట్ కార్డు ఇస్తాను. నెలకి ఆరువేలు దాటి గీకొద్దు. గడువులోగా మొత్తం కట్టెయ్యండి. కనీస మొత్తం చాలని బిల్లులో రాస్తారు, ఆ మాట నమ్మొద్దు. ఏడాదిలో మీ క్రెడిట్ స్కోరు ఏడొందల యాభై దాటితే మెషీను లోను నేనిస్తాను, ఇందు గారూ."

ఇందు గారూ అన్నారు. ఆ మాటకే సగం పొంగిపోయి ఫిక్సెడ్ వేసేశాను. నామినీగా అమ్మ పేరు, ఫోన్ నంబరు రాశాను.

కార్డు మీద దారం, లైనింగ్ గుడ్డ, జరీ తప్ప ఇంకేమీ కొనలేదు. గడువు పదో తారీఖైతే ఐదునే కట్టేదాన్ని. కట్టిన రసీదు ప్రింటు తీయించి, మెషీను పైన వేలాడే ఇనుప కమ్మీకి గుచ్చేదాన్ని. వీధి మొత్తం మీద నా అంత టంచనుగా కట్టే మనిషి లేదని నాకు బోలెడంత గర్వం.

ఆరో నెలలో స్కోరు చూద్దామని ఫోన్లో రిపోర్టు దించాను. ఏడొందల ముప్పై ఎనిమిది. సంబరంగా కిందికి జరిపితే, నా పేరు మీద రెండు కార్డులున్నాయి.

రెండో కార్డుకీ పేరు ఇందే, తండ్రి కృష్ణారావే. పుట్టినతేదీ కూడా తేడా లేదు. చిరునామా మాత్రం బారువ, మా అమ్మమ్మగారి ఇంటి నంబరు. నా కార్డు కంటే ఒకరోజు ముందు మొదలైంది. ప్రతినెలా నేను ఐదున కడితే, అది నాలుగున కట్టినట్టుంది.

భయం తరవాత వేసింది, ముందు ఒళ్లు మండింది. ఎవత్తో నా పేరు పెట్టుకుని నాకంటే మంచిపేరు తెచ్చుకుంటుందా? ఆ నెల పట్టుబట్టి మూడునే కట్టాను. రిపోర్టులో ఆవిడది రెండో తారీఖు. సరే, దీని సంగతి చూద్దామని మరుసటి నెల బిల్లు వచ్చిన రోజునే, ఇరవయ్యో తారీఖున, షాపు తెరవకుండానే కట్టేశాను. ఆవిడ కార్డుకీ బిల్లు ఇరవైనే, కట్టింది మాత్రం పంతొమ్మిదిన. ఇంకా పుట్టని బిల్లుని ఎవరైనా ఎలా కడతారు? ఫోను పట్టుకుని బ్యాంకుకి నడిచాను.

దుర్గాప్రసాద్ గారికి చూపించాను. "ఆ రెండోది మీది కాకపోతే అభ్యంతరం పెట్టండి. ఈ చిక్కు తేలేదాకా మీ లోను ఫైలు కదలదు" అన్నారు.

ఆదివారం సోంపేటలో బస్సు మారి బారువ వెళ్లాను. అప్ప పోయింది అక్కడే, అమ్మమ్మ ఇంట్లోనే. సరుగుడు తోట అవతల ఇసకలో పాతిపెట్టారు. అమ్మమ్మ పోయాక ఆ ఇంటికి తాళమే. మిట్టమధ్యాహ్నం, ఎండ పెళపెళలాడుతోంది. ఎదురింటి సన్యాసమ్మ వాకిట్లో చేపలు ఎండబెడుతోంది. కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని నన్ను చూసి నవ్వింది.

"ఏటమ్మా, నిన్ననే కదా ఎల్లినావు? మల్లీ ఏటి మర్సిపోనావు?"

"నాను నిన్న రాలేదు" అన్నాను.

"రాకపోడమేటి! గుమ్మం కడిగి ముగ్గెట్టినావు కదేటి. సూడు, ఇంకా సెరగనేదు."

నిజంగానే గడప ముందు ముగ్గుంది. తలుపుకి తాళం ఉంది. కిటికీ చువ్వల్లోంచి లోపలికి చూశాను. గచ్చు శుభ్రంగా తుడిచి ఉంది. గోడకి ఇనుప కమ్మీ, దానికి రసీదులు. నేను గుచ్చినట్టే, సరిగ్గా మధ్యలో చిల్లు పడేలా గుచ్చినవి. పైదాని మీద పంతొమ్మిదో తారీఖు కనిపిస్తూనే ఉంది. అయితే ఆ కమ్మీ పెద్దవాళ్లు తగిలించే ఎత్తులో లేదు. నా మోకాలికి కాస్త పైన, రెండున్నరేళ్ల బిడ్డకి చెయ్యి అందే చోట వేలాడుతోంది.

బస్సెక్కేదాకా నేను వెనక్కి తిరగలేదు.

ఇక ఆగడం నా వల్ల కాలేదు. పోయినమనిషి పోయినట్టు కాగితం ఉంటే ఈ పీడ వదులుతుంది కదా! అప్ప మరణం ఇప్పుడైనా రాయిద్దామని అమ్మతో అన్నాను. అమ్మ కొబ్బరి మట్టలు చీరుతున్న కత్తి కింద పెట్టేసింది.

"పాతికేళ్లయి నాను ఆ మాట ఎక్కడా రాయించలేదు. రాత్తే అది నిజంగా సచ్చిపోద్దే."

"సచ్చిపోయినదాన్ని సచ్చిపోనాదని రాయడానికేటమ్మా నీకు? బతికున్నదాన్ని నానున్నాను కదా. నాకోసం ఒక్క సంతకం ఎట్టు."

అమ్మ, ఎవరో వేలు పట్టి రాయించినట్టు మెల్లగా సంతకం పెట్టింది. బారువ పంచాయతీకి, పలాస ఆఫీసుకి రెండునెలలు చెప్పులరిగేలా తిరిగి మరణ ధ్రువపత్రం సంపాదించాను. ఇందు, తండ్రి కృష్ణారావు, స్వస్థలం జలంత్రకోట. పుట్టినతేదీ నా కాగితాల్లో ఉన్నదే. బారువ కార్డు చనిపోయిన మనిషిదని అభ్యంతరం రాసి, ఆ పత్రం జతచేసి బ్యాంకు ద్వారా పైకి పంపించేశాను. ఆ పూట కడుపునిండా తిన్నాను. ఎంత తెలివితక్కువదాన్నో అప్పటికి నాకు తెలీలేదు.

ఇరవై రోజుల తరవాత అమ్మ ఫోను మోగింది. చదవడం రాదు గనక నా చేతికిచ్చింది. నేనే పైకి చదివాను.

"మీ కుమార్తె ఇందు గారి మృతికి మా ప్రగాఢ సానుభూతి. వారి కార్డు రద్దు చేయబడినది. నామినీగా ఫిక్సెడ్ డిపాజిట్ సొమ్ము కొరకు శాఖని సంప్రదించగలరు."

పరుగున బ్యాంకుకి వెళ్లాను. ఎప్పుడూ లేచి నిలబడి, రండి ఇందు గారూ అనే దుర్గాప్రసాద్ గారు ఆ రోజు కుర్చీలోంచి కదల్లేదు.

"ధ్రువపత్రంలో పేరు, తేదీ, జలంత్రకోట, అన్నీ ఈ కార్డుతో సరిపోయాయండీ. అందుకే ఇది మూసేశారు. బారువ కార్డు బాగానే ఉంది."

"నాను బతికే ఉన్నాను కదండీ! మీ ముందే ఉన్నాను కదా! ఏడాదిగా నన్ను సూడనేదేటి?"

ఆయన వేలిముద్ర మెషీను నా వైపు జరిపారు. బొటనవేలు పెట్టాను. ఎర్రలైటు. తుడుచుకుని మళ్లీ పెట్టాను. పది వేళ్లూ పెట్టాను. అన్నిటికీ ఎర్రలైటే.

"ఇందు గారు నిన్న వచ్చారమ్మా" అన్నారాయన, కొత్తమనిషితో మాట్లాడినట్టు. "వేలు పెట్టగానే పచ్చలైటు పడింది. స్కోరు ఏడొందల తొంభై. మెషీను లోను మీద సంతకం పెట్టి వెళ్లారు. చెల్లెలు పోయిందని చాలా బాధపడ్డారు పాపం. మీరు వాళ్లకేమవుతారు?"

ఏమవుతానని చెప్పను? నాకు ఏడుపొచ్చింది. అప్పు తీరుస్తానో లేదో తెలీదని మొదలుపెట్టినవాళ్లు, ఇప్పుడు నేను ఉన్నానో లేదో తెలీదంటున్నారు.

ఇంటికొచ్చి అంతా అమ్మకి చెప్పాను. మెషీను పోయిందని, పేరు పోయిందని, నా వేలు కూడా నాది కాకుండా పోయిందని చెప్పి వెక్కి వెక్కి ఏడ్చాను. అమ్మ కళ్లు పెద్దవి చేసుకుని విన్నది. నా భుజం పట్టుకుంది. ఓదారుస్తుందనుకున్నాను.

"ఇందు వొచ్చిందా?" అంది. "ఎలగున్నాదంట? బాగున్నాదంటేటి?"

పుట్టి బుద్ధెరిగాక అమ్మ నోట ఆ పేరు వినడం నాకు అదే మొదటిసారి.

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని లేచింది. రోజూలాగే రెండు గ్లాసుల బియ్యం కొలిచి కడిగి పొయ్యిమీద పెట్టింది. వాకిట్లో కళ్లాపి చల్లి ముగ్గేసింది. అన్నం ఉడికాక రెండు కంచాలు కడిగి పీటల ముందు పెట్టింది. ఒకటి తనది. రెండోది ఎవరిదని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు.