సువర్చల నేను లేకుండా చూసేసిన భాగం

పోలీస్ స్టేషన్లో అడుగు పెడుతున్నాను, తీరా చూస్తే అది మా ఇంటి హాలే, కాకపోతే గోడలు మాటిమాటికీ పక్కకు జరుగుతున్నాయి, లాకప్ ఊచల వెనకాల మా కుక్కర్ ఆవిరి కక్కుతోంది, ఇన్‌స్పెక్టర్ కుర్చీ ఉండాల్సిన చోట మా పాత సోఫా ఉంది, దాని మీద మా తోడికోడలు సువర్చల కాళ్ళు ముడుచుకుని, ఒళ్ళో గోరుచిక్కుళ్ళు తుంచుకుంటూ టీవీ చూస్తోంది. పోయి ఏడాదైంది, అయినా కాస్త ఒళ్ళు చేసినట్టుంది. నాకు ఏడుపు రావాలి. రావడం లేదు, ఒళ్ళు మండుతోంది, ఎందుకంటే తెర మీద నడుస్తున్నది మా సీరియల్.

ఏళ్ళ తరబడి టీవీలో వచ్చిన ఆ పోలీసు సీరియల్ డీవీడీల్లోకి వచ్చాక మేమిద్దరం దానికి అతుక్కుపోయాం. ప్రకటనల గోల లేదు, రేపటిదాకా ఆగాల్సిన పని లేదు. అసలు మజా ఏమిటంటే, ఇన్‌స్పెక్టర్ హంతకుడి పేరు చెప్పబోతుండగా రిమోట్ నొక్కి, ఆయన్ని నోరు తెరిచినవాడిని తెరిచినట్టే ఆపేసి, కూరలు తరుగుతూ మేమే కేసు తేల్చేవాళ్ళం. ఒకళ్ళు లేకుండా ఇంకొకళ్ళు చూడకూడదని ఒట్టు కూడా వేసుకున్నాం. నగల కొట్టు యజమాని హత్య దగ్గర ఆపి, "వచ్చాక చూద్దామక్కా" అని ఆసుపత్రికి వెళ్ళింది, మళ్ళీ రాలేదు.

"ఇది చూసేశావా?" అని అడుగుతున్నాను.

"అంతా అయిపోయిందక్కా. మళ్ళీ మొదట్నించీ చూస్తన్నాం."

"చూస్తన్నాం ఏంటే? ఎవరితో?"

సోఫా పొడుగ్గా సాగుతోంది, ఆ చివర మా అత్తయ్య, అదే కళ్ళజోడు, అదే ముడి, సువర్చల కంటే ముందే పోయిన మనిషి, తీరిగ్గా గోరుచిక్కుళ్ళు అందుకుంటోంది.

"ఆవిడతోనా? నీకు ఆవిడంటే పడేది కాదు కదే."

"ఇక్కడ మంచి కాలక్షేపం అక్కా. ప్రతి కేసులోనూ కానిస్టేబులే చేశాడంటది. నవ్వలేక చస్తన్నాను."

నాతో ఎప్పుడైనా అంతలా నవ్విందా అని వెతుక్కుంటున్నాను. మా ఆయన ఇంకొకత్తెను తెచ్చుకున్నా ఇంత కుళ్ళు పుట్టేది కాదేమో.

"నువ్వు ఆపిన చోటే ఉంచానే. ఇంట్లో ఎవర్నీ ఆ డిస్కు ముట్టనివ్వడం లేదు."

"ఎందుకక్కా? ఇక్కడ ఆపడానికి రిమోట్ లేదు. అదలా నడిచిపోతంటది. నువ్వూ చూసెయ్."

"ఎవరు చంపారో చెప్పు, చాలు."

"చెప్తే ఏం బాగుంటది?" అని అత్తయ్య వైపు జరిగి కూర్చుంటోంది, తెర వెలుగు వాళ్ళిద్దరి ముఖాల మీదా పరుచుకుంటోంది, నన్ను ఎవరూ కూర్చోమనడం లేదు.

మెలకువ వచ్చేసరికి గదినిండా మధ్యాహ్నపు ఎండ. హాల్లోంచి ఇన్‌స్పెక్టర్ గొంతు వినిపిస్తోంది. లేచి వెళ్ళాను. మా ఆయన ఆ డిస్కే పెట్టుకుని కూర్చున్నాడు, నన్ను చూడగానే రిమోట్ వెనక్కి దాచాడు.

"నిద్ర పట్టక పెట్టాన్లే. కోప్పడకు. చూస్తా ఉండు, ఇది ఆ కానిస్టేబుల్ పనే."

అరవబోయినదాన్ని ఆయన పక్కన కూలబడ్డాను.

"వెనక్కి తిప్పండి. మొదట్నించీ చూద్దాం."

అక్కడ అత్తయ్య దాని పక్కనుంటే ఉండనీ, ఆవిడ కొడుకు నా పక్కనున్నాడు. ఇది చూసి సువర్చలకు కాస్తయినా కుళ్ళు పుట్టాలి.