గంజి మీది మూత

పొద్దున పది కొట్టంగనే యమున హాలు తాళం తీసి, ఊడ్చి, చాపలు పరిచి, మూలకు చూసి నెత్తి పట్టుకున్నది. ఆడ నల్ల గొంగడొకటి ముడుచుకొని కూసున్నది. అంచులనిండ రైలు దుమ్ము.

"అవ్వా! మళ్ళ వచ్చింది నీ గొంగడి. పోయిన నెలనే గద హైదరాబాదామె కొనుక్కపోయింది!"

గడపల కూసున్న లస్మవ్వ కదురు తిప్పుడు ఆపలే. "కప్పుకోకుంట గోడకు తగిలిచ్చినట్టుంది బిడ్డా. దానికి కోపమొచ్చింది."

"కోపమొస్తే ఆడనే అలగాలె. రామగుండం టేషన్ల దిగి గిట్ల నడుసుకుంట వస్తే ఆమెకు నేనేం జవాబు చెప్పాలె?"

లస్మవ్వ వడికిన ఉన్ని గొంగళ్ల తీరే అంత. కప్పుకునే మనిషున్నన్ని దినాలు మంచిగుంటయి. పెట్టెల పెట్టి మరిచిపోతే ఎన్నడో ఒకనాడు లేచి లస్మవ్వ దగ్గరికి వస్తయి. ఇగ చింతగింజల గంజి వాసన తగిలిందా, ఒక్కటి ఆగదు. మగ్గం మీద పడుగుకు పట్టిచ్చిన గంజి గద, యాదికుంటది. అందుకే యమున గోడకు పెద్దక్షరాలతోని రాసి పెట్టింది: 'గంజి ఉడికితే మూత పెట్టాలె. మూత మీద రాయి పెట్టాలె.'

ఆ గోడకే ఇంకో రూలు గూడ రాసింది. 'చేతితోని వడికినోళ్లు, నేసినోళ్లు, అల్లినోళ్లే సభ్యులు.' లీడర్ల పెండ్లాలు వచ్చి కుర్చీల కూసోవద్దని ఆమె ఆలోచన. తను మటుకు ఎన్నడు కదురు ముట్టలే. ఎవరన్న అడిగితే "నాకు టైమేడిది?" అంటది. నిజమే మరి. గోదావరిఖనిల వడికేటోళ్లను, మందమర్రిల నేసేటోళ్లను, మంచిర్యాలల అల్లేటోళ్లను ఒక్క సంఘం చేద్దామని మూడేండ్ల సంది బస్సులెక్కుడు, దిగుడే ఆమె పని.

ఆ శుక్రవారం ఆ సంఘం ఉంటదో పోతదో తేలే దినం. బొగ్గుబాయి క్వార్టర్ల నడుమ ఖాళీగ పడున్న హాలును నిరుడు కంపెనోళ్లు ఇచ్చిండ్రు. ఇప్పుడు ఇరువై మంది సభ్యులు ఎదురుంగ సంతకం పెడితేనే హాలు వీళ్లది, లేకుంటే సోమవారం సంది గోదాం. చూసేతందుకు కంపెనీ ఆఫీసు లింగమూర్తి సారు రెండింటికి వస్తనన్నడు. రెండింటికి! మొదటి షిఫ్టోళ్లు ఆకలితోని ఇంటికొచ్చే టైం, రెండో షిఫ్టోళ్లు టిఫిన్ పట్టుకొని పోయే టైం. ఏ ఆడిమనిషి ఇల్లు కదుల్తది? ఆ ముచ్చట చెప్తే "నా డ్యూటీ గప్పుడేనమ్మా" అన్నడు.

యమున ఫోన్లు పట్టుకున్నది. మంచిర్యాల సంధ్యారాణి "అధ్యక్షురాలెవరో తేలనియ్యి, అప్పుడు వస్తం" అన్నది. మందమర్రి దీప "ఎప్పుడు మీ ఖనిలనేనా? ఒక్కసారన్న మా దగ్గర పెట్టవేందక్కా?" అన్నది. పక్కన కూసోని తెల్లదారంతోని లేసు అల్లుతున్న ఇమాంబీ గూడ ఊకోలే. "నన్ను పిలిస్తివి గని, నాది ఉన్ని కాదని మూలకు కూసోపెడితివి."

"గొంగట్ల తినుకుంట ఎంటికలేరితే ఎట్లక్కా!" అని ఫోను చాప మీదికి ఇసిరింది యమున. "చావనియ్యుండ్రి. గోదామే చేసుకోనియ్యుండ్రి."

రెండింటికి సరిగ్గ లింగమూర్తి సారు వచ్చిండు. రిజిస్టర్ తెరిచిండు. లస్మవ్వ వేలుముద్ర, ఇమాంబీ సంతకం.

"ఇద్దరేనా?"

"నాలుగు దాక కూసోండ్రి సార్, చాయ్ తాగుండ్రి" అన్నది యమున. సారు గడియారం చూసి కూసున్నడు. మూడేండ్ల తిరుగుడు యమున కండ్ల ముంగటికొచ్చింది. మూలకు స్టవ్వు మీద లస్మవ్వ పెట్టిన గంజి ఉడుకుతున్నది, మూత మీద రాయి. యమున జరసేపు దాన్నే చూసింది. లేచి పోయి రాయి తీసింది. మూత తీసింది.

"యా అల్లా, ఏం చేస్తున్నవే?" అన్నది ఇమాంబీ.

"వచ్చేది వస్తదక్కా."

కిటికీలు గూడ తెరిచింది. వాసన క్వార్టర్ల మీదికెల్లి పోయింది. పావుగంటకు మొదటి గొంగడి గడప దాటింది. దాని ఎనక సంఘంల వడికే ఒకామె ఎంగిలిచెయ్యితోని ఉరికొచ్చింది. "పట్టుకోండ్రి, మా మామ గొంగడి!"

"పెట్టెల పెట్టినందుకు వచ్చింది. కూసో, సంతకం పెట్టు" అన్నది లస్మవ్వ.

తర్వాత ఇద్దరు, ఆ తర్వాత ఐదుగురు. మందమర్రి గొంగళ్లు బస్సు దిగినయి, దీప నేసేటోళ్లను ఎక్కిచ్చుకొని వాటి ఎనక ఆటోల వచ్చింది. లింగమూర్తి సారు గొంగళ్లకు తొవ్వ ఇచ్చేతందుకు కాళ్లు మీదికి పెట్టుకొని పేర్లు రాసుకుంటున్నడు. మూడున్నరకు గోదావరి బ్రిడ్జి దాటి సంధ్యారాణి పెండ్లి గొంగడి వచ్చింది. ఎనక సంధ్యారాణి, చెప్పొకటి చేతుల పట్టుకొని.

"పందొమ్మిది" అన్నడు సారు. "ఒక్కరు తక్కువ. నువ్వు పెట్టమ్మా."

"నేను సభ్యురాలిని కాదు సార్. ఎన్నడు వడకలే."

అందరు గోడ దిక్కు చూసిండ్రు. ఆమె రాసిన రూలే. నాలుగింటికి ఐదు నిమిషాలున్నది.

అప్పుడు గడపల ఇంకో గొంగడి ఆగింది. పాతది, అంచు ఊసిపోయింది. అది యమున నాయినది. చలికాలం మొదటి షిఫ్టుకు కప్పుకొని పోయేటోడు. ఆయన పోయి తొమ్మిదేండ్లు. తెరిస్తే ఆయన వాసన పోతదేమోనని భయపడి, ఆ పెట్టె తాళం ఒక్కనాడు తియ్యలే.

గొంగడి లస్మవ్వను దాటిపోయి యమున కాళ్ల కాడ కూసున్నది.

"నా కోసం రాలే అది" అన్నది లస్మవ్వ. కదురు, ఇంత ఉన్ని యమున చేతుల పెట్టింది. "అంచు కుట్టాలె. వడుకు."

యమున ఏడ్సుకుంటనే తిప్పింది. ఒకకాడ లావు, ఒకకాడ సన్నం, మూరెడు వచ్చింది.

"గిది దారమేనా?" అన్నడు లింగమూర్తి సారు.

"దారమే సార్. రాసుకోండ్రి జల్ది" అని రిజిస్టర్ యమున ముంగటికి నూకింది సంధ్యారాణి.

యమున సంతకం పెట్టింది. సారు పోయిండు. సారు గేటు దాటకముందే అధ్యక్షురాలి లొల్లి మళ్ళ మొదలైంది. యమున పోయి గంజి మీద మూత పెట్టింది, మూత మీద రాయి పెట్టింది.

ఇంటికి పోయేటప్పుడు వాన పట్టుకున్నది. నాయిన గొంగడి నెత్తి మీదికెల్లి కప్పుకున్నది. ఉన్ని తడిసినకొద్ది బొగ్గు వాసన, బీడీ వాసన లేచినయి. ఎటు పోలే, అన్ని అండ్లనే ఉన్నయి. ఆటో ఆగింది గని, యమున ఎక్కలే.