తాతను ‘నువ్వు’ అన్న చదువు

మా మోక్‌డాంగ్ అపార్టుమెంట్లలో బిడ్డ పుట్టిందంటే ఆడా మగా అని ఎవరూ అడగరు, ఏ ఇంగ్లీషు బడిలో పేరు రాయించారని అడుగుతారు. నాలుగేళ్ల పిల్లలకి ప్రవేశపరీక్ష, ఆ పరీక్షకి మళ్లీ ట్యూషను. పాలపళ్లు ఊడకముందే ర్యాంకులు.

అలాంటి చోట మా ఎదురింటి నారే, కూతురు సోల్‌ని బడికి పంపను, ఇంట్లో నేనే చెప్పుకుంటానని అనేసింది. లిఫ్టులో ఆడవాళ్లు చావుకబురు విన్నట్టు ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"అయ్యో సోల్ అమ్మా, మీ ఆయన ఉద్యోగం బాగానే ఉందా?"

నారే తోడికోడలికి మాత్రం లోపల సంబరమే. ఆవిడ కొడుకు తేయుల్ ఆ పరీక్ష నెగ్గిన వీరుడు. "చుసక్ పంటల పండక్కి మా ఇంటికి వస్తారుగా చెల్లీ, మావయ్యగారే తేలుస్తారులే" అంది. ఆయన ఉండేది వాళ్లింట్లోనే. ఆయన వద్దన్నాక ఆ వంశంలో ఇక మాట లేదు.

పండగనాడు పెద్దలకి పెట్టుకోవడం అయ్యాక, తాతని భోజనానికి పిలవమని నారే కూతుర్ని ముందుకు తోసింది. మా భాషలో పెద్దవాళ్లని ‘నువ్వు’ అనకూడదు, వాళ్లు తినే అన్నానికి పేరే వేరు. సోల్‌కి ఆ సంగతి తెలియదు.

"తాతా, బువ్వ తిను నువ్వు!"

అందరూ కొయ్యబారిపోయారు. తోడికోడలు జాలిగా నిట్టూర్చింది. "ఇంటి చదువు కదా, పాపం. తేయుల్, బడిలో నేర్పింది నువ్వు చూపించు నాన్నా."

తేయుల్ ఛాతీ విరుచుకుని, "గ్రాండ్‌పా! యూ ఈట్ రైస్!" అన్నాడు.

"యూ అంటే?" అన్నాడు ముసలాయన.

"‘నువ్వు’ అని, మావయ్యగారూ. ‘మీరు’ అన్నా అదే" అంది తోడికోడలు.

"అయితే వీడూ నన్ను నువ్వనే అన్నాడు. కాకపోతే వీడి చేత అనిపించడానికి డబ్బు కట్టారు."

నారే నవ్వాపుకోలేక బియ్యప్పిండి ఉండ ఒకటి నోట్లో కుక్కుకుంది.

"సోల్‌కి బడీ వద్దు, గిడీ వద్దు" అని తేల్చేశాడాయన. "పెద్దాచిన్నా మాత్రం తెలియాలి. అది నీవల్ల కాదు కోడలా. రేపే మీ ఇంటికొచ్చి ఉంటాను, నేనే నేర్పుతాను."

తోడికోడలు అప్పుడే లేచింది. "మావయ్యగారి పరుపు నేను చుట్టేస్తా చెల్లీ!"

సెలవులయ్యీ కాకముందే, వీధి చివర మామూలు బడి గేటు దగ్గర సోల్ చెయ్యి పట్టుకుని నిలబడిన నారే నాకు కనిపించింది. గేటింకా తెరవలేదు.

"ఎంతైనా అక్కా, పిల్లలు నలుగురిలో కలవాలి కదా" అంది నాతో.